ఉప్పు కోసం కొన్న విల్లు

సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా వెర్నా వదిలిన బాణం, పాతగుడ్డలు కుక్కి వేలాడదీసిన గురిసంచీలోంచి దూసుకుపోయి, బంగాళాదుంపల మడి దాటి, ఆడపడుచు రోజాన్ ఇంటి వసారాలో ఉన్న బాతుబొమ్మకు తగిలింది. బడులు తెరిచిన నెల కనుక రోజాన్ ఆ బాతుకు కళ్ళజోడు పెట్టి, వీపుకు చిన్న పుస్తకాల సంచీ తగిలించి ఉంచింది. బాణం పుస్తకాల సంచీలో దూరి, బాతులోంచి బయటపడి, వెనక చెక్కగోడలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కళ్ళజోడు కూడా చెక్కుచెదరలేదు.

కాసేపటికి రోజాన్ బాతును చంకన పెట్టుకుని, బాణాన్ని చేత్తో పట్టుకుని, మడి గట్టు మీదుగా వచ్చింది.

"వదినా, ఇది నీదేనా?"

"ఏది, బాతా?"

"బాణం."

వెర్నా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈకల రంగు చూస్తే నాదిలాగే ఉంది."

"మరి మా బాతును ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టింది సంచీని. బాతు పోయి సంచీ వెనకాల నిలబడింది. దానికుండాలి బుద్ధి."

రోజాన్ కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అనుకుని ఇద్దరూ తేలికపడేవారు. ఆమె నవ్వింది. "పోన్లే వదినా, కొత్తలో నాకూ ఇంతే. సాయంత్రం వచ్చి నేను నేర్పనా?"

ఆ "నేర్పనా" అన్న మాట వెర్నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. గురిసంచీని కొట్టం వెనక ఇసకదిబ్బకు ఆనించి కట్టమని మొగుడు ఎర్విన్ చెప్పనే చెప్పాడు. అక్కడైతే బాణం ఎటు పోయినా ఇసకే. కానీ ఇసకదిబ్బ దగ్గర ఏం చేసినా రోజాన్ వంటింటి కిటికీలోంచి కనపడదు. వెర్నా ఆ విల్లు కొన్నదే రోజాన్‌కు కనపడడానికైతే, ఇసకదిబ్బకు చూపించి ఏం లాభం?

వెర్నా మా రోడ్డు మీద బడి బస్సు నడుపుతుంది. ఈ చుట్టుపక్కల ముప్ఫయ్యేళ్ళు దాటని వాళ్ళలో సగంమంది ఆమె చేత "కూర్చో" అనిపించుకున్నవాళ్ళే. మంచులో బస్సును వెనక్కి తిప్పడంలో గానీ, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడంలో గానీ ఆమెకు సాటి లేరు. అయితే ఆ రెండింటినీ ఆమె గొప్పగా అనుకోలేదు. ఆమె గొప్పగా అనుకున్నది ఒక్కటే: ఇంటి సాసేజ్‌లో ఉప్పు వేసే చెయ్యి తనది.

దాని వెనక అత్తగారు పెట్టిన చట్టం ఉంది. నవంబరులో జింకవేటకు తుపాకుల వారం మొదలై మగవాళ్ళంతా అడవిలో గుడిసెకు పోయేలోపు, ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి జింకమాంసం, పందికొవ్వు కలిపి పేగుల్లో కూరి సాసేజ్ చుట్టి, పొగబెట్టి ఇవ్వాలి. ఆ సాసేజ్‌కు విల్లువేటలో పడిన మొదటి జింక ఏ ఇంటినుంచి వచ్చిందో ఆ ఇంటి ఆడదే ఉప్పూ సంబారమూ కలపాలి. మిగిలినవాళ్ళు మాంసం కోస్తారు, మర తిప్పుతారు, పేగులు కడుగుతారు. అత్తగారు స్టెఫానియా పోయినా చట్టం పోలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో వెర్నా పేగులే కడిగింది. తర్వాత ఎర్విన్ విల్లు పట్టడంలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఏటా మొదటి జింక అతనిదే, కనుక ఏటా ఉప్పు వెర్నాదే. తుపాకుల వారం అయ్యాక గుడిసె నుంచి వచ్చిన మరుదులూ, వాళ్ళ కొడుకులూ "ఈసారి సాసేజ్ అదిరింది" అంటే, ఆమె వంటింట్లో ఏమీ పట్టనట్టు గిన్నెలు తుడుస్తూ ఉండేది. అంత సుఖంగా మరెప్పుడూ తుడవలేదు.

రెండేళ్ళ కిందట ఎర్విన్ భుజానికి ఆపరేషన్ జరిగింది. ఆయన విల్లు ఇక లాగలేడు. తుపాకీలా భుజానికి ఆనించి మీట నొక్కితే చాలు, నారిని అదే పట్టి ఉంచే అడ్డవిల్లులు ఉన్నాయిగా, క్రాస్‌బోలు, అవి కొనుక్కోరాదా అంటే ఆయన మూతి ముడిచాడు.

"అది విల్లూ కాదు, తుపాకీ కాదు. గాడిదకీ గుర్రానికీ పుట్టిన కంచరగాడిద."

"కంచరగాడిదే కదా బరువు మోసేది."

"నేను మొయ్యను" అని పేపరు చాటుకు పోయాడాయన.

ఆయన పేపరు చాటున ఉండగానే నిరుడు రోజాన్ అడ్డవిల్లు కొంది. అక్టోబరులో ఎనిమిది కొమ్మల మగజింకను కొట్టింది. శుక్రవారం చేపల వేపుడు తినడానికి అందరం పోయే సారాకొట్టు గోడమీద ఆమె ఫొటో ఎక్కింది. అదైనా పరవాలేదు, వెర్నా ఆ గోడవైపు వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకుంది. కానీ సాసేజ్ రోజున రోజాన్ ఉప్పు వేసింది. వేసి ఊరుకోలేదు, మాంసంలో మేపుల్ చెట్ల తీపి పాకం ఒక గరిటెడు పోసింది! వెర్నా పేగులు కడుగుతూ చూసింది. అందరూ తిన్నారు. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. ఎర్విన్ మూడోసారి కూడా వడ్డించుకున్నాడు. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. ఉన్న మొగుడు కూడా అటే పోతే ఆ బాధ ఏ సామెతకీ అందదు.

అందుకే ఆగస్టులో బడి తెరవకముందే వెర్నా లైల్ దుకాణానికి పోయింది. ముందువైపు వానపాములు, గాలాలు. వెనక గోడ నిండా విల్లులు. లైల్ ఆమె బస్సులో వెనక సీటులో కూర్చుని పెరిగినవాడే.

"మీరు చెట్టెక్కి కూర్చుంటారా ఆంటీ, గుడారంలోనా?"

"ఈ మోకాళ్ళతో చెట్టా? గుడారమే."

"అయితే వెడల్పు తక్కువదైతే మేలు. గుడారంలో విల్లు రెక్కలు తగలకుండా ఉంటాయి. బరువు కూడా మీరు గంటలకొద్దీ ఒళ్ళో పెట్టుకునేంతే ఉండాలి. మీట ఎంత మెత్తగా కదులుతుందో చూసుకోండి. చప్పుడు..."

"రోజాన్ కొన్నది ఏదిరా?"

లైల్ ఒకదాన్ని చూపించాడు.

"దీనికి పెద్దక్క ఏది?"

"పెద్దది అంటే దేంట్లో ఆంటీ?"

"అన్నిట్లో."

అతను నిచ్చెన వేసుకుని పైనుంచి ఒకటి దించాడు. దాని రెక్కలు చాచిన గద్దలా ఉన్నాయి. "జింకకు ఇంత అక్కర్లేదు ఆంటీ. దోమను రోకలితో కొట్టినట్టు ఉంటుంది."

"రోకలే ఇవ్వు."

విల్లు కొసన ఉన్న ఇనపరికాబులో కాలు పెట్టి, నారికి తాడు కొక్కేలు తగిలించి, రెండు చేతులా పైకి లాగాలి. వెర్నా లాగింది. నారి మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. పైకి రాదు, కిందికి వదలడానికి ఆమెకు మనసు రాదు. వానపాములు కొనడానికి వచ్చిన ఇద్దరు ముసలాళ్ళు డబ్బాలు కింద పెట్టి మరీ చూశారు.

"మెల్లగా వదిలెయ్యండి ఆంటీ."

"వదులుతాలేరా, తొందరేముంది?" అంది వెర్నా, మొహం బీట్‌రూట్‌లా కందిపోతుండగా. కొంతసేపటికి వదిలి, "పొద్దున కాఫీ తాగలేదు, అందుకు" అంది, ముసలాళ్ళకు కూడా వినపడేలా.

లైల్ ఇంకొకటి తెచ్చాడు. సన్నగా, తేలిగ్గా ఉంది. వెనక ఒక పిడి బిగించి ఉంది. "ఇది చూడండి. ఈ పిడి తిప్పుతూ పోతే నారి దానంతట అదే వెనక్కి వస్తుంది. చిన్నపిల్ల కూడా ఎక్కించగలదు."

"అంటే ముసలాళ్ళదన్నమాట."

లైల్ వెంటనే దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ చదువు అతనికి బస్సులోనే అబ్బింది.

"రోజాన్ తాడుతోనే ఎక్కిస్తుందా?"

"ఆమె తాడుదే తీసుకుంది ఆంటీ."

"అయితే నాకూ తాడే."

ఇంటికి తెచ్చాక ఆ రోకలి విల్లుకు నారి ఎక్కించే ఉపాయం ఒకటి ఆమెకు దొరికింది. వీధిమెట్టు మీద కూర్చుని, రెండు పాదాలూ రికాబులో పెట్టి, తెడ్డు వేసేవాడిలా వెనక్కి పడిపోవాలి. ఎక్కేది. ఆమె మాత్రం ప్రతిసారీ వెల్లకిలా ఉండేది. "లేవమంటావా, పైనుంచి దుప్పటి కప్పమంటావా?" అని ఎర్విన్ తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు. ఆ ఎక్కించినదాన్ని మొదటిసారి వదిలినప్పుడే బాతు సంగతి జరిగింది.

ఆ తర్వాత గురిసంచీ ఇసకదిబ్బకు మారింది. బాణాలు కూడా బుద్ధిగా తగలవలసిన చోట తగలసాగాయి. విల్లువేట కాలం మొదలయ్యాక వెర్నా మొక్కజొన్న చేను వెనక గుడారంలో కూర్చుంది. కూర్చోవడం ఆమెకు కష్టం కాదు, బతుకంతా కూర్చునే నడిపింది. రెండోవారంలో ఒక జింక వచ్చింది. చేను అంచున నిలబడి చెవులు తిప్పుతూ ఉంది. వెర్నా విల్లు అటు తిప్పింది. రెక్క పోయి గుడారపు కర్రకు తగిలింది. గుడారం మొత్తం, పెద్దమనిషి మాటకు ఔనన్నట్టు, తల ఊపింది. జింక ముక్కుతో ఒక్క చీదు చీది, తెల్లతోక ఎత్తుకుని పోయింది. ఆ తోక పోతూ పోతూ తనకు చెయ్యి ఊపినట్టే తోచింది వెర్నాకు.

ఆ సాయంత్రం రోజాన్ వచ్చింది. "ఏమైంది వదినా? నాకింకా ఏమీ పడలేదు. నీకేమన్నా కనపడిందా?"

"ఒకటి వచ్చింది. చిన్నది. పోనిచ్చాను."

"ఎంత మంచి మనసు వదినా నీది!"

అది ఎగతాళో నిజమో తెలియక వెర్నాకు రాత్రి భోజనం సయించలేదు. సాసేజ్ రోజు దగ్గరపడుతోంది. ఈసారి కూడా రోజాన్‌కే జింక పడితే ఇక ఆ గరిటెడు పాకమే ఆచారమైపోతుంది. పిల్లలు పెద్దవాళ్ళై, సాసేజ్ అంటే తియ్యగా ఉండేదే అనుకుంటారు. వెర్నా ఎప్పుడో ఉప్పు వేసేదట అని కూడా ఎవరికీ గుర్తుండదు.

అక్టోబరు మధ్యలో ఒక తెల్లవారుజామున ఆమె బస్సు తీసుకుని బయల్దేరింది. రోడ్డు మలుపు దగ్గర బస్సు దీపాలు రోజాన్ వాకిట్లో పడ్డాయి. అక్కడ రోజాన్ మొగుడు క్లేటన్, రాత్రి బట్టల మీద చలికోటు వేసుకుని, కాలిచెప్పులు జారిపోతుండగా, రికాబులో కాలు పెట్టి పళ్ళు బిగించి తాడు లాగుతున్నాడు. పక్కన రోజాన్ వేటబట్టల్లో, చేతులు కట్టుకుని, బట్టలకొట్టులో పొట్లం కోసం నిలబడినదానిలా నిలబడింది. నారి ఎక్కింది. బాణం పెట్టని ఆ విల్లును క్లేటన్ ఆమె చేతికిచ్చి, ఆవులించి, లోపలికి పోయాడు. ఆమె దాన్ని భుజాన వేసుకుని మహారాణిలా చేలోకి నడిచింది.

వెర్నా అంతా చూసింది. కూనిరాగం తీస్తూ బస్సు పోనిచ్చింది. రెండిళ్ళు దాటిపోయాక గానీ, వాకిట్లో నిలబడ్డ పిల్లల్ని ఎక్కించుకోలేదని గుర్తు రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె వెనక్కి వచ్చి పిల్లల్ని ఎక్కించుకోవడం అదే మొదలు. "ఏమైంది?" అని పిల్లలు అడిగితే, "పొద్దున్నే మంచి దృశ్యం చూశాను, కూర్చోండి" అంది.

ఆ సాయంత్రమే లైల్ దుకాణం.

"ఒరే లైల్, ఆ పిడి ఉన్నది ఇంకా ఉందా?"

"ఉంది ఆంటీ. కానీ అది ముసలాళ్ళది అన్నారుగా?"

"ముసలాళ్ళది కాదురా. ఎవరి నారి వాళ్ళే ఎక్కించుకునేవాళ్ళది."

రోకలిని అతనికి అప్పగించి, ఈసారి ఆమె అతను చెప్పినట్టల్లా విన్నది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూసింది. విల్లు మీది దుర్భిణిలో కన్ను పెట్టి వీధి అవతల చర్చి శిలువ మీద వాలిన పావురాన్ని చూసింది. మీట మీద వేలు ఆనించి, ఎక్కడ కదులుతుందో తెలుసుకుంది. రెక్కల వెడల్పును తన బస్సు చక్రంతో పోల్చుకుంది. అసూయే ఆమెచేత తప్పు విల్లు కొనిపించింది. సరైన విల్లు కొనిపించింది కూడా ఆ అసూయే. దానికి పుణ్యం ఇవ్వాలో పాపం ఇవ్వాలో మా చర్చి ఫాదర్ కూడా చెప్పలేడు.

మర్నాడు పెరట్లో ఆమె పిడి తిప్పుతుంటే రోజాన్ చూసింది.

"అయ్యో వదినా! బావిలో నీళ్ళు తోడుతున్నావా?"

"తోడుకుంటున్నానే. నా బావి, నా చెయ్యి. తెల్లారకుండానే మొగుణ్ణి చలిలో నిలబెట్టక్కర్లేదు."

రోజాన్ చెవులు ఎర్రబడ్డాయి. "చలి ఎక్కువగా ఉంది, వస్తా" అని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం చూస్తే వెర్నాకు అనుకున్నంత సంతోషం కలగలేదు. కలిగినంత మాత్రం చాలా బాగుంది.

అక్టోబరు చివర ఒక సాయంత్రం, పొద్దు ఇంకా చేను మీద ఉండగానే, బలిసిన ఆడజింక ఒకటి రాలిన కంకుల కోసం వచ్చింది. విల్లు ఈసారి దేనికీ తగల్లేదు. వెర్నా ఊపిరి సగం విడిచి, మీట మెత్తగా నొక్కింది. పుస్తకం మూసినంత చప్పుడు. జింక ఎగిరి, ఓక్ చెట్ల వైపు కొంచెం దూరం పరుగెత్తి, పడిపోయింది. వెర్నా విల్లు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, దానికో చిన్న ప్రార్థన చెప్పి, ఎర్విన్‌కు ఫోన్ చేసింది.

ఆయన వచ్చి, వంగి, బాణం దూరిన చోటు చూశాడు. చాలాసేపు చూశాడు. "మంచి దెబ్బ" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె వంటను కూడా అంత సూటిగా మెచ్చుకున్నవాడు కాదు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఏదీ, ఆ పిడి ఒకసారి ఇటివ్వు" అన్నాడు. మంచి భుజంతో తిప్పాడు. నారి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఆయన మొహంలో కనపడింది ఏమిటో ఆమెకు చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఏడాదిగా అద్దంలో తన మొహం మీద చూస్తున్నదే అది.

"కంచరగాడిద ఎలా ఉంది?"

"నడుస్తుందిలే" అన్నాడాయన, పిడి వదలకుండా.

రోజాన్‌కు ఆ ఏడు జింక పడలేదు.

సాసేజ్ రోజున వెర్నా వాళ్ళ కారుకొట్టంలో బల్లలు వేశారు. క్లేటన్ మాంసం మర తిప్పాడు. ఎర్విన్ బయట ఆపిల్ కట్టెలతో పొగగదిని రాజేశాడు. అత్తగారి తెల్ల సత్తుతొట్టి వెర్నా ముందు ఉంది, నిండా మాంసంతో. తొట్టి దగ్గర నిలబడిన వెర్నా అప్పుడు తలెత్తి చూసింది. రోజాన్ కుళాయి దగ్గర పేగులు కడుగుతోంది. తనతోపాటు తెచ్చిన పాకం సీసా కిటికీ గట్టు మీద, అందరికీ కనపడీ కనపడనట్టు పెట్టుకుంది.

"పాకం ఎందుకు తెచ్చావు రోజాన్?"

"ఊరికే. కావాలేమోనని."

"అక్కర్లేదు."

"సరే వదినా." నీళ్ళ చప్పుడులోంచే అంది రోజాన్, వెనక్కి తిరక్కుండా: "ఆ తొట్టి మా అమ్మది. చిన్నప్పుడు నన్ను దాన్లోనే స్నానం చేయించేది. మా అన్నయ్యకు బాణం బాగా తగులుతుందని, ఇన్నేళ్ళూ అది నీ చేతికింద ఉంటే చూస్తూ పేగులు కడిగాను. నిరుడు ఒక్కసారి వేశాను ఉప్పు. ఒక్కసారి."

మర ఆగింది. క్లేటన్ దాన్ని ఎందుకు ఆపాడో తనకే తెలియనట్టు మళ్ళీ తిప్పాడు.

వెర్నా పిడికిట్లో ఉప్పు ఉంది. తను ఒక్క ఏడాది మండితే, ఈ పిల్ల ఎన్నేళ్ళు మండిందో ఎప్పుడూ అనుకోలేదు. మనసు కరిగింది. కానీ పిడికిలి విడలేదు. మనసును మరీ అంత కరగనివ్వకూడదు కదా. ఆమె ఉప్పు వేసింది. మళ్ళీ వేసింది. దంచిన మిరియాలు వేసింది. వెల్లుల్లి గిన్నె దగ్గరికి వచ్చి ఆగింది.

"రోజాన్, చేతులు తుడుచుకునిరా. వెల్లుల్లి నువ్వు వెయ్యి."

"నేనా?"

"మీ అమ్మ ఎంత వేసేదో నాకన్నా నీకే బాగా తెలుసు. రా, చూస్తావేం?"

రోజాన్ వచ్చి వేసింది. ఇద్దరూ మోచేతుల దాకా తొట్టిలో ముంచి, ఒకరి వేళ్ళు ఒకరికి తగులుతుండగా కలిపారు. తర్వాత చిటికెడు ముద్ద చదును చేసి పెనం మీద వేయించి, రుచి చూడడానికి అందరికంటే ముందు రోజాన్ నోట్లోనే పెట్టింది వెర్నా.

రోజాన్ నమిలింది. కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలింది.

"వెల్లుల్లి సరిపోయింది. ఉప్పే కొంచెం ఎక్కువైనట్టుంది వదినా."

"ఎక్కువ కాదే, నిరుడు నన్ను వెయ్యనివ్వని ఉప్పు కూడా అందులోనే ఉంది."